కుళాయి కబుర్లు: ఫెరూల్ అవతల ఎవరిది, ఇవతల ఎవరిది?

కాలువలకు నీళ్ళు వదిలాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు ఎప్పుడూ ఎర్రనీటి గురించే ఉంటాయి. ఈసారి అది ఒక్కరే అడిగారు. మిగతావాళ్ళంతా అటు తిప్పి ఇటు తిప్పి ఒకటే అడిగారు, పైపు ఎవరిది, పాడైతే డబ్బు ఎవరు పెట్టుకోవాలి అని. అందరూ రచ్చబండ దగ్గర కూర్చుని మాట్లాడుకుని రాసినట్టున్నాయి ఉత్తరాలు. ఊళ్ళ పేర్లు నేనే తీసేశాను. ముప్పై ఏళ్ళు మున్సిపల్ నీళ్ళ సెక్షన్‌లో జీతం తిన్నవాణ్ణి, పాత మిత్రులతో సాయంత్రం టీ తాగాలంటే ఆ మాత్రం జాగ్రత్త తప్పదు.

ప్రశ్న: అయ్యా, మాది వీధి చివరి ఇల్లు. రెండు నెలలుగా పొద్దున్న కుళాయి వదిలిన మొదటి పది నిమిషాలు నీళ్ళు మురుగు వాసన కొడుతున్నాయి, తర్వాత మామూలైపోతాయి. కంప్లయింట్ ఇస్తే ఫిట్టర్ వచ్చి చూసి, "మెయిన్ బాగానే ఉందమ్మా, లోపం మీ పైపులోనే ఉంది, మీ ఖర్చుతో మార్పించుకోండి" అని వెళ్ళిపోయాడు. పైగా రోడ్డు తవ్వినందుకు విడిగా డబ్బు కట్టాలట. రోడ్డు వాళ్ళది, నీళ్ళు వాళ్ళవి, పన్ను మేం కడుతున్నాం. ఇదెక్కడి న్యాయం? (ఒక గృహిణి, పశ్చిమ డెల్టా)

జవాబు: అమ్మా, మీ కోపంలో న్యాయముంది గానీ ఫిట్టర్ చెప్పిన దాంట్లోనూ సగం నిజముంది. మన 1965 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ఇంటి కనెక్షన్ మీద అజమాయిషీ కౌన్సిల్‌ది, దాన్ని బాగుచేయించే ఖర్చు ఇంటి యజమానిది. వినడానికి వింతగా ఉంటుంది, పెత్తనం ఒకరిది, పర్సు ఇంకొకరిది. కానీ పద్ధతి అదే. రోడ్డు కింద పోయే మెయిన్ పైపు మీద సాడిల్ అని ఒక పట్టీ బిగించి, కన్నం పెట్టి, బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి తిప్పుతారు. దాన్నే ఫెరూల్ అంటాం. మెయిను, ఫెరూల్ మున్సిపాలిటీ లెక్క. అక్కణ్ణుంచి మీ గుమ్మందాకా వచ్చే అరంగుళం పైపు, అది రోడ్డు కింద ఉన్నా సరే, మీ లెక్క. మీరే ప్లంబర్ని పెట్టి రోడ్డు తవ్వుకుంటే మాత్రం ఊరుకోరు, రోడ్ కటింగ్ డబ్బు కట్టి, పర్మిషన్ తీసుకుని, వాళ్ళ ఫిట్టర్ ఎదురుగా చేయించుకోవాలి.

ఇక సగం నిజం అన్నానే, ఆ మిగతా సగం సంగతి. లోపం మీ పైపులోనే ఉందని ఫిట్టర్ దేన్ని బట్టి చెప్పాడు? చూసి చెప్పేది కాదది. ముందు మీ అటుపక్క, ఇటుపక్క ఇళ్ళవాళ్ళని అడగండి. వాళ్ళకీ అదే వాసనొస్తుంటే లోపం మెయిన్‌లోనో, వాల్వు గుంటలోనో ఉంది, అప్పుడు మీరు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. మీ ఒక్కరికే అయితే మీ పైపే. ఇంకో గట్టి పరీక్ష కూడా ఉంది. వార్డు సచివాలయంలో నీళ్ళు, రోడ్లు చూసే ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర క్లోరిన్ చూసే కిట్ ఉంటుంది, నీళ్ళలో చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం చెబుతోంది. పక్కింట్లో పసుపు తిరిగి, మీ ఇంట్లో తెల్లగానే ఉండిపోతే, దారిలో ఎక్కడో మురుగు కలిసి ఆ క్లోరిన్‌ని తినేసిందని అర్థం. ఈ పరీక్ష కుళాయి వదిలిన మొదటి ఐదు నిమిషాల్లో చేయించండి. వాళ్ళు తీరిగ్గా పదకొండింటికి వచ్చి చేస్తే ఏమీ తేలదు.

మొదటి పది నిమిషాలే ఎందుకు వాసన అంటే, మన ఊళ్ళలో నీళ్ళు రోజంతా రావు కదా, వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. నమ్మకపోతే నీళ్ళు ఆగిపోయే సమయానికి గ్లాసు నిండా నీళ్ళు పట్టి, కుళాయి మూతి అందులో మునిగేలా పెట్టి, కుళాయి తిప్పి ఉంచండి. చాలా ఇళ్ళలో గ్లాసులో నీళ్ళు గుటక వేసినట్టు పైకి పోతాయి. కుళాయి మూతి దగ్గర గ్లాసుడు నీళ్ళు పీల్చిన పైపు, సైడు కాలువలో నుంచి పోయే చోట తుప్పు కన్నం ఉంటే ఏం పీలుస్తుందో నేను చెప్పక్కర్లేదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక వీధిలో పదకొండు ఇళ్ళుంటే ఒక్క ఇంట్లోనే పిల్లలకి విరేచనాలు తగ్గేవి కావు. సైడు కాలువలో పూడిక తీయించి చూస్తే ఆ ఇంటి జీఐ (ఇనుప) పైపు కాలువకి అడ్డంగా, నీటి మట్టంలో పోతోంది, దానికి చుట్టుకుని పాలిథిన్ కవర్లు, జుట్టు, ఒక పిల్లాడి బనీను. కవర్లు లాగితే కింద జాయింటు. కారకుండా మరలకి చుట్టిన నార ఎప్పుడో కుళ్ళిపోయి, జాయింటు వేలితో తిప్పితే తిరిగింది. ఆ ఇంటాయన నా పక్కనే నిలబడి చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి బిందెలో నీళ్ళు పారబోశాడు.

అందుకని మార్పిస్తే పూర్తిగా మార్పించండి, అతుకులు వద్దు. నీలం రంగు ఎండీపీఈ ప్లాస్టిక్ పైపు చుట్టగా వస్తుంది, ఫెరూల్ నుంచి మీ గోడ దాకా ఒకటే ముక్కగా లాగొచ్చు. మంచినీళ్ళ పైపుకీ మురుగు పైపుకీ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలని ఇంజినీర్ల పుస్తకంలో ఉంది, మన సందుల వెడల్పే 3 మీటర్లు ఉండదు కాబట్టి అది పుస్తకంలోనే ఉంటుంది. కనీసం సైడు కాలువకి పైనుంచి, పెద్ద పైపు తొడుగులో వేయించండి. కాలువ లోపల్నుంచి మాత్రం వద్దు. అప్పటిదాకా కాచి చల్లార్చినవే తాగండి, ఫిల్టర్ ఉంది కదా అని ధీమా వద్దు.

ప్రశ్న: కొత్త పైపులైను కోసం మా షాపు ముందు కాంట్రాక్టరు పగలు జేసీబీతో తవ్వాడు, ఆ రాత్రే అక్కడ పాత మెయిన్ పగిలింది. తెల్లారేసరికి షాపులో మోకాలి లోతు నీళ్ళు. కింది అరల్లో చీరలు, డ్రెస్ మెటీరియల్ మొత్తం తడిసిపోయాయి. బ్యాంకు లోను ఉంది గనక బ్యాంకువాళ్ళే ఏదో ఇన్సూరెన్స్ చేయించారు, ఆ కాగితం నేనెప్పుడూ చూడలేదు. మున్సిపాలిటీని అడిగితే కాంట్రాక్టర్‌ని అడగమంటున్నారు. కాంట్రాక్టరు 30 వేలు ఇస్తాను, ఇంకేమీ అడగనని సంతకం పెట్టమంటున్నాడు. పెట్టనా సార్? (వస్త్ర వ్యాపారి, కోనసీమ)

జవాబు: పెట్టకండి. మిగతాదంతా తర్వాత చదవండి, ముందు ఆ పెన్ను మూత పెట్టేయండి.

ఎందుకో చెప్తాను. ఇన్సూరెన్స్ కంపెనీ మీకు నష్టం చెల్లించాక, ఆ నష్టానికి కారణమైనవాడి మీద మీకున్న హక్కు కంపెనీకి వస్తుంది, మీ బదులు అది కాంట్రాక్టర్ దగ్గరో మున్సిపాలిటీ దగ్గరో వసూలు చేసుకుంటుంది. మీరు 30 వేలకి ఆశపడి "ఇక ఏమీ అడగను" అని రాసిచ్చేస్తే ఆ హక్కు పోయినట్టే. అప్పుడు కంపెనీవాడు, మా హక్కు మీరే చెడగొట్టారు కాబట్టి మేమూ ఇవ్వం అంటాడు. అటు 30 వేలు, ఇటు సున్నా.

ఇవాళే బ్యాంకుకి వెళ్ళి పాలసీ కాపీ అడిగి తీసుకోండి. ప్రీమియం మీ ఖాతాలో నుంచే కట్ అయింది, కాపీ ఇవ్వడం వాళ్ళు చేసే మేలేమీ కాదు. ఆస్తుల విలువ మొత్తం 5 కోట్లు దాటని వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది, మీది బహుశా అదే అయ్యుంటుంది. అగ్నిప్రమాదం, తుఫాను, వరద ముంపుతో పాటు నీళ్ళ ట్యాంకులు, పైపులు పగలడం లేదా పొంగడం వల్ల జరిగే నష్టం కూడా అందులో ఉంది. పైపు ఎవరిది అన్న షరతు ఆ మాటలో లేదు. కానీ బ్యాంకువాళ్ళు బిల్డింగుకి చేయించి స్టాకు వదిలేశారేమో చూడాలి, ఇది చాలా చోట్ల జరుగుతుంది, పైగా షాపు మీది కాకుండా అద్దెదైతే ఆ బిల్డింగు పాలసీ మీకెందుకూ పనికిరాదు.

పాలసీ నంబరు దొరగ్గానే కంపెనీకి ఫోన్ చేసి, ఒక మెయిల్ కూడా పెట్టండి. నష్టం లెక్కకట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేదాకా తడిసిన సరుకు పారేయొద్దు, తక్కువ ధరకి అమ్మేయొద్దు. అలాగని గుట్టగా వదిలేయొద్దు, రంగు కారే చీరలు పక్క చీరల్ని కూడా పాడుచేస్తాయి, దాన్ని ఆపే ప్రయత్నం మీరు చేయలేదని రాసుకుంటాడు సర్వేయర్. పొడివి పైకెక్కించండి, తడిసినవి రకం వారీగా విడదీసి ఆరబెట్టి లెక్క రాసుకోండి. గోడ మీద నీళ్ళు నిలిచిన గీత ఉంటుంది చూడండి, బురద చార, దాని పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి, షాపువాళ్ళు ఎక్కువమంది ఇదే మర్చిపోయి సున్నం వేసేస్తారు. కొనుగోలు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, స్టాకు రిజిస్టరు సిద్ధం చేసుకోండి. రిజిస్టర్ లేదంటారా, ఊహించాను, బిల్లులతో నెట్టుకురావాలి.

ఒకటి ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. షాపులో 10 లక్షల సరుకుండగా పాలసీ 5 లక్షలకే ఉంటే, లక్ష నష్టానికి లక్ష రాదు, యాభై వేలే వస్తుంది. తక్కువకి చేయించుకున్న మేరకు నష్టంలో భాగం మీరే భరించాలన్నది సూత్రం. ఈ పాలసీలో 15 శాతం దాకా తేడా ఉంటే పట్టించుకోరు, సగానికి సగం తేడా అయితే పట్టించుకుంటారు. దసరా, సంక్రాంతి ముందు సరుకు దింపినప్పుడు ఒకసారి పాలసీ తీసి చూసుకునే అలవాటు చేసుకోండి.

ఇక కాంట్రాక్టరు. ఇలాంటి పనుల అగ్రిమెంటులో మూడో మనిషికి జరిగే నష్టానికి కాంట్రాక్టరే ఇన్సూరెన్స్ చేయించాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. ఉందో లేదో మున్సిపల్ కౌంటర్లో అడిగితే ఎవరూ చెప్పరు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ పని అగ్రిమెంటు కాపీ, ఇన్సూరెన్స్ కాగితం కాపీ అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఈలోపు కమిషనర్‌కి జరిగింది తేదీ, సమయంతో సహా రాసి, రసీదు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని ఉత్తరం ఇవ్వనిదాంతో సమానం. ఆ సీటులో కూర్చున్నవాణ్ణి గనకే చెప్తున్నాను.

ప్రశ్న: వీధిలో అందరూ కుళాయికి మోటారు పెట్టి లాగేస్తున్నారు. నేనొక్కణ్ణే పెట్టకపోతే నాకు బిందెడు నీళ్ళు కూడా రావడం లేదు. నేనూ పెట్టుకుంటే తప్పా? (కాలేజీ లెక్చరర్)

జవాబు: తప్పే. అందరూ చేస్తున్నారు కదా అని మీ స్టూడెంట్ పరీక్షలో చెబితే మీరు ఊరుకుంటారా?

పై ఉత్తరంలో చెప్పిన పీల్చుడు నీళ్ళు ఆగినప్పుడే జరుగుతుంది. మోటారు పెడితే నీళ్ళు వస్తుండగానే జరుగుతుంది. మీ మోటారు మీ పైపులో మురుగునే కాదు, పక్కింటి పైపులో కన్నం ఉంటే అక్కణ్ణుంచి కూడా లాగి మీ ట్యాంకులో పోస్తుంది. సొంత డబ్బుతో కరెంటు బిల్లు కట్టి మరీ. ఒక అంతస్తు ఇంటికి మెయిన్‌లో 7 మీటర్ల ఎత్తుకి ఎక్కేంత ఒత్తిడి, రెండంతస్తులకైతే 12 మీటర్లు ఉండాలని 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ చెప్పింది. మన డెల్టా అరచేయిలా చదునైన నేల, నీళ్ళు వాలుగా పోయే అవకాశమే లేదు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తే దిక్కు. ఆ 7 మీటర్లు వీధి చివరికి వెళ్ళేసరికి ఏమవుతాయో మీకు తెలుసు.

దారి ఏమిటంటే గేటు లోపల నేలమట్టానికి కింద చిన్న సంపు కట్టించుకోండి. కుళాయి నీళ్ళు వాటంతట అవే అందులో పడతాయి, ఎత్తు ఎక్కాల్సిన పనిలేదు గనక ఒత్తిడి తక్కువున్నా వస్తాయి. సంపులోంచి మేడ మీదకి మోటారు ఎంతసేపు వేసుకున్నా ఎవరూ అడగరు. కాకపోతే మన దగ్గర వానాకాలంలో రెండు మూడు అడుగులకే ఊట ఉంటుంది, ఖాళీ సంపుని ఆ ఊట కింద నుంచి పైకి ఎత్తేస్తుంది, నెర్రెలు కొడుతుంది. వానాకాలంలో సంపు పూర్తిగా ఖాళీ చేయకండి. మూత నేలమట్టానికి అడుగు పైన ఉండాలి. సంపు కడిగాక వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి ఒక మగ్గులో కలిపి, తేరుకున్న నీళ్ళు మాత్రం పోసి, గంట ఆగి వాడుకోండి. బోరు పైపునీ మున్సిపల్ పైపునీ ఒక వాల్వుతో కలిపేసే తెలివితేటలు కొందరు ప్లంబర్లకి ఉంటాయి, వాల్వు కారితే మీ బోరులోని ఉప్పునీళ్ళు వీధికంతా పోతాయి. అది మాత్రం చేయించకండి.

అన్నట్టు, మోటార్ల మీద మీరు ఫిర్యాదు చేస్తే నీళ్ళొచ్చే టైముకే రమ్మని రాయండి. మధ్యాహ్నం వస్తే వీధిలో మోటారన్నదే కనపడదు, అన్నీ గోనెపట్టా కింద నిద్రపోతుంటాయి.

ప్రశ్న: నేను ప్లంబర్ని అన్నా, పన్నెండేళ్ళ అనుభవం. పైపులైను కాంట్రాక్టర్ దగ్గర కూడా పనిచేస్తున్నాను. పోయిన నెల గొయ్యి గట్టు కూలి నా ఫ్రెండుకి కాలు విరిగింది. కాంట్రాక్టరు పదివేలు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. మాలాంటోళ్ళకి ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరమే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. మన నేల సంగతి నీకు చెప్పాలా, పైన నల్లమట్టి గట్టిగా నిలబడ్డట్టే ఉంటుంది, నాలుగడుగులు దిగేసరికి ఇసుక ఊట, కింద నుంచి కరిగి పైదంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది. మీటరున్నర లోతు దాటితే రెండుపక్కలా పలకలు, ఆపు కర్రలు పెట్టాలి. తీసిన మట్టి గట్టు అంచునే పొయ్యకూడదు. ఇది నీ ఇష్టాయిష్టాల మీద ఉన్నది కాదు, పెట్టించాల్సింది కాంట్రాక్టరు, చూడాల్సింది మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు). పెట్టలేదంటే దిగనని చెప్పు.

మీ ఫ్రెండుకి పదివేలతో అయిపోలేదు. పనిలో ఉండగా దెబ్బ తగిలితే కాంట్రాక్టరు నష్టపరిహారం ఇవ్వాలని 1923 నుంచీ చట్టం ఉంది, లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. నెల జీతం 21 వేల లోపు ఉండి కాంట్రాక్టరు ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కడుతుంటే వైద్యం, సెలవు రోజుల డబ్బు అక్కడే వస్తాయి. కట్టాడో లేదో ఫ్రెండు దగ్గర ఈఎస్‌ఐ నంబరు ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

నీ మట్టుకు నువ్వు చేసుకోవాల్సింది చాలా చవక. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ లోపు ఎవరైనా చేరొచ్చు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకి 436 రూపాయలు, 50 ఏళ్ళ లోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి, మే నెలాఖరుకి ఖాతాలో డబ్బులుండేలా చూసుకో, లేకపోతే ఆగిపోతుంది. కాలు విరిగితే మాత్రం ఇవి పనికిరావు, చావుకీ, శాశ్వత వైకల్యానికే.

ఇంకొక్క మాట. అదే కాంట్రాక్టరు రేపు మురుగు మ్యాన్‌హోల్‌లో దిగమంటే దిగకు, రెండు క్వార్టర్ల మందు ఎక్కువిస్తానన్నా సరే. మురుగు శుభ్రం చేసే పనుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా దించడం నేరం. అలా దిగి చనిపోయినవాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. ఆ డబ్బు తీసుకునేది నువ్వు కాదు.

ప్రశ్న: మేలో కుళాయి నీళ్ళు నాచు వాసన, జూలైలో ఎర్రగా. గోదారి పక్కనే ఉండి మనకీ ఖర్మేమిటి? (రిటైర్డ్ మాస్టారు)

జవాబు: మాస్టారూ, గోదారి పక్కనే ఉన్నాం గానీ చాలా ఊళ్ళు తాగేది గోదారిని కాదు, కాలువని. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన నాటినుంచీ విజ్జేశ్వరం, బొబ్బర్లంక, ధవళేశ్వరం తూముల దగ్గర వదిలితేనే మన దాకా నీళ్ళు. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు, ఆ ముందే మంచినీళ్ళ చెరువు నింపుకుని దాంతోనే నెట్టుకురావాలి. నిలవ నీళ్ళు, మండే ఎండ, నాచు పట్టక ఏమవుతుంది. అది వాసనే, జబ్బు కాదు, క్లోరిన్ సరిగ్గా వేస్తున్నంతవరకు. జూలైలో ఎర్రనీరు వస్తే ఫిల్టర్ బెడ్ దగ్గర పటిక మోతాదు పెంచాలి, పెంచడం ఆలస్యమైన రోజున మీ బిందెలో తెలుస్తుంది. మా అమ్మమ్మ ఇండుపగింజ అరగదీసి కుండలో తిప్పి వదిలేది, పొద్దున్నకల్లా అద్దంలా తేరేది. తేరినంత మాత్రాన క్రిములు పోవు, ఆ సంగతి అమ్మమ్మకి చెప్పేవాళ్ళు లేరు.

ప్రశ్న: నేను కువైట్‌లో ఉంటాను. ఊళ్ళో మేడ కట్టాను, అమ్మ ఒక్కతే ఉంటుంది. ఏడాదిగా బాత్రూమ్ గోడ చెమ్మపట్టి పెచ్చులూడుతోంది. మొన్న పైపు పగిలి హాల్లోకి నీళ్ళొచ్చి టీవీ, మంచం పాడయ్యాయి. హోమ్ ఇన్సూరెన్స్ ఉంది. రెండింటికీ క్లెయిమ్ పెడితే మొత్తం తిరగ్గొట్టారు. (నరసాపురం ప్రాంతం)

జవాబు: బాబూ, మీరు చేసిన పొరపాటు రెండూ కలిపి ఒకే ఉత్తరంలో రాయడం. ఇన్సూరెన్స్ భాషలో పగలడం వేరు, ఊరడం వేరు. పైపు పటుక్కున పగిలి నీళ్ళొస్తే అది ప్రమాదం, భారత్ గృహ రక్ష అనే ఇళ్ళ పాలసీలో పైపులు, ట్యాంకులు పగలడం, పొంగడం ఉంది. ఏడాదిపాటు చెమ్మ ఊరితే అది అరుగుదల, నిర్వహణ లోపం, దానికి ఎవరూ ఇవ్వరు. కలిపి రాసేసరికి వాళ్ళు ఏడాది చెమ్మని చూపించి పగిలిన పైపుని కూడా అందులో వేసేశారు.

విడదీసి మళ్ళీ రాయండి. పగిలిన తేదీ, మార్చిన ప్లంబర్ రసీదు, పగిలిన పైపు ముక్క ఫొటో. ఆ ముక్క అమ్మ పారేసి ఉండకపోతే దాచమనండి. గోడ సంగతి అసలు ఎత్తొద్దు, అది మీ ఖర్చే. గృహ రక్షలో ఇంట్లో సామానుకి విడిగా ఏమీ చెప్పకపోయినా బిల్డింగు బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతటదే ఉంటుంది, టీవీ, మంచం అందులోకి వస్తాయి. కంపెనీలో ఫిర్యాదు విభాగానికి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపు వెళ్ళాలి, వచ్చే సెలవుకి వచ్చాక చూద్దాం అనుకుంటే దాటిపోతుంది.

రెన్యువల్‌లో బీమా మొత్తం కూడా చూసుకోండి. స్థలం ధర కలిపి వేయించుకునేవాళ్ళున్నారు, స్థలం మునగదు, కాలిపోదు. మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అంతే వేయాలి. మన వైపు 1986 వరద, 1996 నవంబర్ తుఫాను చూసినవాళ్ళకి తుఫాను, వరద రక్షణ పాలసీలో ఉందో లేదో చూసుకోమని చెప్పక్కర్లేదు, మీరు చిన్నవాళ్ళు కాబట్టి చెప్తున్నాను.

ఇవన్నీ సరే, ఇవాళ అమ్మకి వీడియో కాల్ చేసినప్పుడు ఒక పని చేయండి. మేడ మీది ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుకి గేటు వాల్వు ఎక్కడుందో ఆవిడకి చూపించమనండి, ఎటు తిప్పితే నీళ్ళు ఆగుతాయో మీ ఎదురుగా తిప్పించండి. చాలా ఇళ్ళలో అది తుప్పు పట్టి తిరగదు. తిరగకపోతే రేపే ప్లంబర్ని పిలిచి మార్పించి, దానికి ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టించండి, రాత్రిపూట టార్చి వేస్తే కనపడేలా.